కాజీపేట-వరంగల్ రోడ్డు మీద మెట్రో వస్తే డిజైన్ గురించి స్థానికులు ఏం అడగాలి?

వరంగల్‌కు అనుకున్న మెట్రో నియో (రబ్బరు టైర్ల మీద నడిచే చిన్న మెట్రో) మళ్ళీ కదిలితే, పిల్లర్ల మీద వెళ్ళే లైను విషయంలో జనం ఏం అడగాలన్నది మీ ప్రశ్న. రైలు బొమ్మ పక్కన పెట్టి, దాని కింద రోడ్డు ఎట్లా మిగులుతుందో చూపించమనండి.

నాది హనుమకొండ. ఉద్యోగానికని కొన్నేళ్ళు హైదరాబాద్‌లో మెట్రో లైను పక్కనే రెండో అంతస్తులో అద్దెకున్నాను. మలుపు దగ్గర చక్రాలు పట్టాలకు రాసుకునే కీచు శబ్దం పొద్దున్నే మొదలయ్యేది. దానికి అలవాటు పడ్డాం గానీ కింద పరిస్థితికి పడలేకపోయాం. వాన వెలిసిన చాలాసేపటి దాకా పైన జాయింటు నుంచి నీళ్ళు బైకుల మీద కారుతుండేవి. స్టేషన్ మెట్లు ఫుట్‌పాత్‌ను సగానికి పైగా మింగేశాయి. మా అమ్మ వచ్చినప్పుడల్లా బస్సుల మధ్యకు దిగి నడవాల్సి వచ్చేది. "రైలు మంచిగనే ఉంది బిడ్డా, నడిచేటోళ్ళకే తొవ్వ లేదు" అనేది. మెట్రో వల్ల నాకు ఎంతో సమయం కలిసొచ్చింది, అది కాదనను. అయినా అమ్మ మాటే సరైనది.

హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో మెట్రో లైను ఎటు పోవాలన్న దాని మీదే ఏళ్ళ తరబడి గొడవ నడిచింది. చివరికి అటే వెళ్ళి 2020 ఫిబ్రవరిలో మొదలైంది. రూటు మీదే బలమంతా ఖర్చయితే మెట్లు, డ్రైనేజీ గురించి అడిగే ఓపిక ఎవరికీ మిగలదని నా అభిప్రాయం.

మన దగ్గర వేయిస్తంభాల గుడి మెయిన్ రోడ్డుకు దగ్గరే. అలాంటి రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణ అని చట్టం. అక్కడ లైను ఎట్లా దాటిస్తారో ముందే తేల్చుకోవాలి. సద్దుల బతుకమ్మ నాడు ఆ చుట్టుపక్కల కాలు పెట్టే సందుండదు, స్టేషన్ మెట్లు అటు దింపొద్దు. గణపతి ఊరేగింపులూ ఉన్నాయి. లైను కింద 5.5 మీటర్ల ఎత్తు వదిలితే లారీలకు సరిపోవచ్చు, ట్రాలీ మీద నిలబెట్టిన పెద్ద విగ్రహానికి చాలదు. 2020 ఆగస్టు వరదలో హనుమకొండ నయీంనగర్ మునగడం చూసినవాళ్ళకు నాలా పక్కన పిల్లర్ అంటే టెన్షనే. పునాది ఎక్కడ పడుతుంది, వాన నీళ్ళు ఏ పైపులో దిగి ఏ కాలువలో కలుస్తాయి అని అడగాలి.

మెట్రో నియోవి రబ్బరు టైర్లు కాబట్టి ఆ కీచు శబ్దం బాధ ఉండదు. కానీ నేల మీద నడిచే చోట ప్రత్యేక దారికి అడ్డుకట్ట కడితే రోడ్డు రెండు ముక్కలవుతుంది. అవతలి బడికి పిల్లలు ఎట్లా దాటాలి? పిల్లర్ల కన్నా నాకు దీని భయమే ఎక్కువ.

మీటింగుకు పిలిస్తే మీ చౌరస్తా దగ్గర రోడ్డు అడ్డుకోత డ్రాయింగు (రోడ్డును అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మ) తెలుగులో అడగండి. పిల్లర్ వెడల్పు, మిగిలే రోడ్డు, ఫుట్‌పాత్ అన్నీ మీటర్లలో ఉండాలి. దుకాణాల వాళ్ళను వెంట తీసుకెళ్ళండి. పునాదులు తవ్వకముందైతే మెట్లు ఇంకో పక్కకు జరపమని అడగొచ్చు.