గారెలు మానకుండా నూనె తగ్గించుకున్నాం, ఇలా

"ఇంట్లో అందరికీ గారెలు, పునుగులు, గుత్తి వంకాయ, స్వీట్లు కావాలి. రిపోర్టులేమో వద్దంటున్నాయి. ఓట్స్, సలాడ్లు మా వల్ల కాదు. మన వంటల్నే తేలిగ్గా చేసుకునే దారి ఉందా?" అని అడిగారు కదా. ఉంది. అన్నింటికీ లేదు గానీ చాలావాటికి ఉంది. దానికోసం కొత్త వంటలేవీ నేర్చుకోనక్కర్లేదు.

ముందు నా సంగతి చెప్తాను. మాది కాకినాడ, ఉండేది హైదరాబాద్‌లో. మా ఆవిడ ఆఫీసు దూరం కాబట్టి పొద్దున్న వంట నాది. కొన్నాళ్ళ క్రితం రక్త పరీక్షలో నాకు ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, 280 వచ్చాయి. డాక్టరుగారు మాత్రలు రాసి, "నూనె ఒక్కటే కాదండీ, అన్నం, తీపి కూడా చూసుకోవాలి" అన్నారు. నేను సగమే విన్నాను. ఇంటికి రాగానే నూనె మీద పడ్డాను.

ఆ వారమే ఎయిర్ ఫ్రయర్ కొన్నాను, నూనె బదులు వేడి గాలితో వేయించే మిషన్. ఆదివారం మినప్పిండి రుబ్బి గారెలు తట్టి బుట్టలో పెట్టాను. ఐదు నిమిషాలయ్యాక తెరిచి చూస్తే పిండి బుట్ట కంతల్లోంచి జారి, కింద పళ్ళెంలో చుక్కలు చుక్కలుగా ఎండిపోయి ఉంది. పైన మిగిలినవి నాలుగు. మా అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని పళ్ళెం మీద టక్ టక్ మని కొట్టి, "ఒరేయ్, ఇది గారెట్రా? చొక్కా గుండీనా?" అంది. మా అబ్బాయి ఇప్పటికీ దాన్ని గుండీ గారె అనే అంటాడు. తప్పు మిషన్‌ది కాదు. గారె పిండిలో నీళ్ళుంటాయి. కాగిన నూనె చుట్టూ ఒక్కసారిగా తగిలితేనే పైపొర బిగుసుకుని, లోపలి ఆవిరికి గారె పొంగుతుంది. వేడి గాలికి ఆ పని చేతకాదు. ఆ మిషన్ ఇప్పుడు బెండకాయ ముక్కలకీ, కాకరకాయ చక్రాలకీ, చల్ల మిరపకాయలకీ వాడుతున్నాం. వాటికి బాగానే పనికొస్తుంది.

ఆ రోజు అమ్మ ఇంకో మాట కూడా అంది. "ఆవిరి కుడుము వేసుకోవచ్చు కదరా, అదీ మినప్పిండేగా." అక్కడ వెలిగింది నాకు. మన వంటింట్లో నూనెలో వేగే చాలా పిండివంటలకి ఆవిరి మీదో పెనం మీదో అయ్యే చెల్లెలు ఒకటి ఉంది. గారెకి ఆవిరి కుడుము ఉంది. కజ్జికాయకి జిల్లేడుకాయ ఉంది. అదే కొబ్బరి, అదే బెల్లం, పైన బియ్యప్పిండి, ఉడకడం ఆవిరి మీద. బూరెకి బొబ్బట్టు ఉంది, లోపల పూర్ణం ఒకటే. మా ఆవిడది కరీంనగర్ కాబట్టి చెగోడీలు అడిగినప్పుడల్లా సర్వపిండి వస్తుంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లికాడలు, కారం కలిపి గిన్నె అడుగున పల్చగా అద్ది, వేలితో కంతలు పెట్టి, రెండు స్పూన్ల నూనెతో సన్న సెగ మీద కాలుస్తుంది. కరకరలాడుతుంది. చెగోడీ కాదు గానీ, ఆ సాయంత్రం చెగోడీ ఎవరికీ గుర్తురాదు.

గారెల్ని ఎందుకింత పట్టుకున్నానంటే, ఒకసారి కొలిచి చూశాను. మూకుట్లో 400 మిల్లీలీటర్లు పోసి 16 గారెలు వేసి, చల్లారాక వడకట్టి కొలిస్తే 290 మిగిలింది. అంటే గారెకి సుమారు 7 మిల్లీలీటర్లు. నాలుగు గారెలు తింటే 28, అంటే సుమారు పాతిక గ్రాములు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల భోజనానికి రోజంతా వాడే నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములన్నారు. నాలుగు గారెలతో నా రోజు కోటా దాదాపు అయిపోయినట్టే. చట్నీలో తాలింపు ఇంకా లెక్కలో లేదు.

ఆ లెక్క చూశాకే ఇంటి మొత్తం నూనె కొలవడం మొదలుపెట్టాను. పెద్ద పనేం కాదు. ప్యాకెట్ కత్తిరించిన రోజు దాని మీద పెన్నుతో తేదీ వేస్తాను. లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని ఉంటుంది చూడండి. మేం నలుగురం, అప్పట్లో నెలకి 6 లీటర్లు అయ్యేది. తలకి రోజుకి 45 గ్రాములు, పైగా నెయ్యి వేరే. ఇప్పుడు నెయ్యితో కలిపి నాలుగు లీటర్ల దగ్గర ఆగుతోంది. పండగ నెలలో ఐదు. మీరూ ఏ వంటా మార్చకముందు ఒక నెల ఊరికే తేదీలు వేసి చూడండి. నూనె ఎక్కడ పోతోందో తెలుస్తుంది. మా ఇంట్లో గారెల్లోకంటే రోజువారీ వేపుళ్ళలోకే ఎక్కువ పోయేది.

ఇక గుత్తి వంకాయ. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో మేం తగ్గించినంత నూనె ఇంకెక్కడా తగ్గించలేదు, రుచి మాత్రం పోలేదు. అరకిలో వంకాయలకి అమ్మ రెండు గుంట గరిటెల నూనె పోసేది. అంత ఎందుకంటే వంకాయ పచ్చిగా ఉన్నప్పుడు స్పంజిలా నూనె తాగుతుంది. అందుకని నేను నాలుగు పక్షాలుగా చీరిన కాయల్ని ఉప్పు నీళ్ళలోంచి తీసి, ఇడ్లీ పాత్రలో ఆరేడు నిమిషాలు ఆవిరి పడతాను. మెత్తబడాలి, విడిపోకూడదు. ఇలా ఒకసారి ఉడికిన వంకాయ నూనె ఎక్కువ పీల్చదు. పల్లీలు, నువ్వులు, ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కాస్త ఎండుకొబ్బరి, అన్నీ నూనె లేకుండా సన్న సెగ మీద వేయించాలి. తొందరపడితే నువ్వులు మాడి చేదొస్తుంది. రోట్లో దంచితే పల్లీలూ నువ్వులూ వాటి నూనె అవే వదులుతాయి, పొడి చేతికి ముద్దగా అంటుకుంటుంది. చింతపండు, బెల్లం, ఉప్పు కలిపి కూరండి. ఇనప మూకుట్లో మూడు టీ స్పూన్ల నూనె వేసి, ఆవాలు, కరివేపాకు చిటపటమన్నాక కాయలు పరిచి, పైన పళ్ళెం మూత పెట్టి ఆ పళ్ళెంలో నీళ్ళు పోయండి. మా అమ్మమ్మ చేసే పనే ఇది. మూత చల్లగా ఉండి లోపలి ఆవిరి మళ్ళీ కూరలోకే కారుతుంది, అడుగంటదు. పావుగంటలో తీసేయొచ్చు. అంచుల దగ్గర నూనె తేలుతుంది. అది మీరు పోసింది కాదు, పల్లీలది.

వేపుళ్ళకీ ఇంచుమించు ఇదే పద్ధతి. బంగాళాదుంప ముక్కల్ని ఉప్పు నీళ్ళలో ముప్పాతిక వంతు ఉడికించి వార్చి, ఆరాక మూకుట్లో వేస్తే రెండు స్పూన్లు చాలు. బెండకాయ తడి లేకుండా తుడిచి, కోసి, అరగంట ఫ్యాన్ కింద ఆరబెడితే జిగురు చాలావరకు తగ్గుతుంది. ఉప్పు మాత్రం చివర్లోనే.

పునుగులకి గుంత పొంగనాల పెనం. మిగిలిన ఇడ్లీ పిండిలో కాస్త బొంబాయి రవ్వ, ఉల్లి, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి, ఒక్కో గుంతలో నాలుగు చుక్కల నూనె వేసి మూత పెట్టి, తిరగేసి రెండో వైపు కాల్చాలి. నాన్‌స్టిక్ కాకుండా ఇనపదే తీసుకోండి. మొదటి రెండు వాయిలూ అంటుకుంటాయి, విసుక్కోకండి. పూర్ణం బూరెలు కూడా దీంట్లో వేసి చూశాం. బాగున్నాయి గానీ పైపొర దోసె రుచి వచ్చింది. అమ్మ వాటిని బూరెలని ఒప్పుకోదు.

ఆవడలకి మాత్రం అమ్మ దగ్గర కూడా పాసయ్యాను. మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్ళు చిలకరిస్తూ గట్టిగా రుబ్బి, చేత్తో ఐదు నిమిషాలు గిలక్కొట్టాలి. గ్లాసు నీళ్ళలో చిటికెడు వేస్తే తేలాలి. మునిగితే ఇంకా గిలక్కొట్టాలి. ఇడ్లీ రేకుల్లో పల్చగా పరిచి పది పన్నెండు నిమిషాలు ఆవిరి పట్టి, వేడి మీదే గోరువెచ్చని పల్చటి మజ్జిగలో ముంచి తీసి, పెరుగులో వేయాలి. పెరుగు మీగడ తీసిన పాలతో తోడుపెట్టింది. అల్లం, పచ్చిమిర్చి నూరి కలపండి. ఒక స్పూను నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో తాలింపు పెట్టండి. ఈ ఒక్క స్పూను మానేస్తే మాత్రం మొత్తం హాస్పిటల్ భోజనమైపోతుంది. నేనూ మొదట్లో అదే చేశాను. తాలింపులేని పప్పు పెడితే ఇంట్లో అందరూ ఆవకాయ జాడీ మీద పడ్డారు. నూనె తగ్గిందని సంబరపడుతుంటే ఉప్పు రెట్టింపైంది.

నెయ్యి కూడా అంతే. కూరలో, పప్పులో వేసింది ఎవరికీ తెలియదు. ముద్దపప్పు కలిపిన వేడన్నం మీద అర స్పూను వేస్తే ఇల్లంతా తెలుస్తుంది. అందుకే మా ఇంట్లో నెయ్యి కంచంలోనే పడుతుంది, పొయ్యి మీద కాదు.

స్వీట్ల దగ్గర ఒక మాట గట్టిగా చెప్పాలి. "బెల్లంతో చేశాం కాబట్టి ఏం కాదు" అనుకోకండి. కేలరీల్లో బెల్లానికీ పంచదారకీ పెద్ద తేడా లేదు. నేను ఆరు నెలలు ఆ భ్రమలోనే పరమాన్నం తిన్నాను. జిల్లేడుకాయలు ఆవిరివే కదా అని ఎనిమిది లాగించిన రోజూ ఉంది. డాక్టరుగారి మాటలో నేను వినని సగం అదే. ఇప్పుడు బెల్లం పావు వంతు తగ్గించి, చిటికెడు ఉప్పు, యాలకులు, రవ్వంత పచ్చకర్పూరం వేస్తున్నాను. పెద్దగా ఎవరూ కనిపెట్టలేదు. రవ్వకేసరికి కప్పు రవ్వకి ముప్పాతిక కప్పు పంచదార, మూడు స్పూన్ల నెయ్యి. రెండు స్పూన్లతో రవ్వ దోరగా వేయించి, మూడోది దించాక పైన వేస్తాను. చల్లారితే గట్టిపడుతుంది, వేడిగానే తినేయాలి. సున్నుండల జోలికి మాత్రం పోలేదు. నెయ్యి తగ్గిస్తే ఉండ కట్టదు, గొంతు పట్టేస్తుంది. నిమ్మకాయంత కట్టేవాళ్ళం, ఇప్పుడు ఉసిరికాయంత కడుతున్నాం.

పండక్కి గారెలు నూనెలోనే. చిన్న మూకుడు, బాగా కాగిన నూనె, గట్టి పిండి. పిండి జారైతే నూనె తాగేస్తుంది. మనిషికి రెండు.

ఎనిమిది నెలల తర్వాత నా ట్రైగ్లిజరైడ్లు 168కి వచ్చాయి. మాత్రలు వేసుకున్నాను, రోజూ నడిచాను, రాత్రి అన్నం సగం చేశాను. కాబట్టి ఇదంతా వంట గొప్పేనని చెప్పను. మీ రిపోర్టులో ఏది ఎక్కువుందో మీ డాక్టర్ని అడిగే మార్పులు చేసుకోండి.

ఇక మిరపకాయ బజ్జీ. ఎయిర్ ఫ్రయర్‌లో చూశాను, పొంగనాల పెనంలో చూశాను, ఓవెన్‌లో కూడా చూశాను. శనగపిండి అట్టు కప్పుకున్న మిరపకాయ వచ్చింది గానీ బజ్జీ రాలేదు. నెలకోసారి అమ్మని తీసుకుని సందు చివర బండి దగ్గరికే వెళ్తున్నాం. నాకు ఒకటి, అమ్మకి ఒకటి, మధ్యలో ఉల్లిపాయ కూరి నిమ్మకాయ పిండి ఇస్తాడు. మీలో ఎవరికైనా ఇంట్లో తక్కువ నూనెతో బజ్జీ కుదిరుంటే ఈ జవాబు కింద రాయండి.