పొయ్యిలో పిల్లి – గ్యాసు పొయ్యి

సందేహం: ఒక ఆదివారం ఆలస్యంగా లేచి, ఫోనులో స్నేహితురాలితో "మా ఇంట్లో ఇంకా పొయ్యిలో పిల్లి లేవలేదు" అన్నాను. మా అత్తగారు విని నొచ్చుకున్నారు. నాలుగు గింజలున్న ఇంట్లో ఆ మాట అనకూడదన్నారు. వంట మొదలుకాలేదనే కదా దాని అర్థం? గ్యాసు వచ్చాక ఈ జాతీయం వాడవచ్చా? గ్యాసు పొయ్యిని "రాజేయడం", "కట్టేయడం" అనడం సరైనదేనా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: మీ అత్తగారు నొచ్చుకోవడంలో న్యాయముంది. ఈ జాతీయం చెప్పేది ఆలస్యాన్ని కాదు, లేమిని. వండుకోవడానికి ఏమీ లేక పొయ్యి వెలగని ఇంటి గురించి అనే మాట ఇది. "పనులు లేక ఆ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవడం లేదు" అంటే సరైన ప్రయోగం. తీరిక దొరికిన ఆదివారానికి "ఇంకా పొయ్యి వెలిగించలేదు" అంటే చాలు.

అసలు పిల్లి ఎందుకొచ్చిందో తెలియాలంటే పాత వంటింటిని చూడాలి. మీ నెల్లూరు, పక్కనున్న ప్రకాశం జిల్లాల పల్లెల్లో రెండు మూడు తరాల కిందట పొయ్యి అంటే నేలమీద మట్టితో మెత్తి, పొయ్యిగడ్డలు నిలిపినదే. తీరం వెంబడి ఇసుక నేలల్లో సరుగుడు పుల్లలు, మెట్ట ఊళ్లలో తుమ్మ మొద్దులు, కందికట్టె, పిడకలు, ఏది దొరికితే అదే వంటచెరకు. రాత్రి వంటయ్యాక మిగిలిన నిప్పుల మీద బూడిద కప్పి ఉంచేవారు. అగ్గిపుల్ల గీయనక్కరలేకుండా పొద్దున మళ్లీ మంట చేసుకోవడానికి ఆ నిప్పు పనికొచ్చేది. "నివురుగప్పిన నిప్పు"లోని నివురు ఆ బూడిదే. చలిరాత్రి ఆ వెచ్చదనంలో పిల్లి ముడుచుకుని పడుకునేది. తెల్లవారాక ఇల్లాలు పిల్లిని అదిలించి, బూడిద ఎత్తి అంట్లు తోమడానికి పక్కన పెట్టుకుని, పొయ్యి అలికి, ముగ్గు పెట్టి, ఆ తర్వాతే మంట చేసేది. ఆమెకు పొయ్యి దగ్గరికి వెళ్లే పనే లేకపోతే పిల్లిని లేపేదెవరు? ఆకలి ఊసెత్తకుండానే ఆకలిని చెప్పిన ఈ మాటంటే నాకు ఎంతో గౌరవం. దాన్ని తేలిక చేయవద్దని అడగడం అందుకే.

ఇక గ్యాసు వచ్చాక వాడవచ్చా అంటే, నిస్సంకోచంగా వాడవచ్చు. మన రాష్ట్రంలో పేదల ఇళ్లకు గ్యాసు పెద్దయెత్తున చేరడం 1999లో దీపం పథకంతో మొదలైంది. 2016లో ఉజ్జ్వల పథకం తోడైంది. (గ్యాసు కనెక్షను ఇచ్చే పథకానికి దీపం అని పేరు పెట్టడం బాగుంది. తెలుగులో పొయ్యీ దీపమూ రెండూ వెలిగేవే.) అంటే కట్టెల పొయ్యి ఊదినవారు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు. పైగా వస్తువు పోయినా జాతీయం నిలవగలదు. ఉట్టి లేని ఇళ్లలోనూ "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కునా" అంటూనే ఉన్నాం. "స్టవ్వులో పిల్లి" అని మార్చడం మాత్రం తగదు. స్టవ్వులో పిల్లి పడుకోదు.

"రాజేయడం" సంగతి వేరు. అది చేతిపనిని చెప్పే క్రియ కాబట్టి, పని మారితే మాట కుదరదు. రాజుకోవడమంటే నిప్పు మెల్లమెల్లగా అంటుకుని పెరగడం. నివురు తొలగించి, నిప్పుకణికల మీద కొబ్బరిపీచు వేసి, ఊదుగొట్టంతో ఊది ఊది, పొగకు కళ్లు మండుతుంటే మంట లేపేవారు. మీట తిప్పగానే మండే గ్యాసుకు "వెలిగించు", "ముట్టించు", "అంటించు" సరిపోతాయి. రాజుకోవడం ఇప్పుడు ఎక్కువగా వార్తల్లో వివాదాలకు మిగిలింది. పొయ్యిలోకి కట్టెలు ముందుకు నెట్టే "ఎగదోయడం" కూడా మనుషులను ఉసిగొల్పడానికే మిగిలింది.

"కట్టేయడం" మాత్రం తప్పు కాదు. కట్టెల పొయ్యిని ఆర్పేవారు. కట్టెలు వెనక్కి లాగి నీళ్లు చిలకరిస్తే మంట చచ్చేది. గ్యాసు దగ్గర మనం చేసేది మంటను చంపడం కాదు, వచ్చే గ్యాసును ఆపడం. పారేదాన్ని ఆపడానికి తెలుగులో "కట్టు" ఎప్పటినుంచో ఉంది. వరిచేలో మడవ కడతాం, ఇంట్లో కుళాయి కడతాం. "గ్యాసు కట్టేయి" అన్నదీ ఆ వరుసలోదే. "పొయ్యి ఆర్పు" అన్నా ఎవరూ తప్పుపట్టరు గాని, జరిగే పనికి దగ్గరి మాట "కట్టు".