పుట్ ఆఫ్ గురించి ఒక ఉత్తరం

తమ్ముడూ,

నీ ఇంగ్లీష్ కథ చదివాను, బానే ఉంది. కానీ ఆ కొడుకు తండ్రికి ఫోన్ చెయ్యకుండా రోజులు నెట్టేస్తుంటాడు చూడు, అక్కడ వాడిచేత 'ఐ పోస్ట్‌పోన్డ్ కాలింగ్ మై ఫాదర్' అనిపించావ్, చదవగానే ఆఫీసు సర్క్యులర్ లా ఉంది. గ్రామర్ కి తప్పేం లేదు. పోస్ట్‌పోన్ అంటే వాన పడి మ్యాచ్ వాయిదా పడింది, మీటింగ్ గురువారానికి జరిగింది, అలాంటి వాటికి బాగా నప్పుతుంది. మనసొప్పక ఇవాళ కాదు రేపు అంటూ దాటేస్తుంటే మాత్రం మాటల్లో పుట్ ఆఫ్ వస్తుంది (మ్యాచ్ కీ వాడొచ్చులే). 'ఐ కెప్ట్ పుటింగ్ ఇట్ ఆఫ్' అను, వాడి బద్ధకం, భయం రెండూ అందులోనే వచ్చేస్తాయి, కింద నువ్వు ఇంకో పేరా పెట్టి చెప్పక్కర్లేదు.

ఆ ఇట్ ఎక్కడుందో చూశావా? పుట్ ఆఫ్ ద మీటింగ్ అన్నా, పుట్ ద మీటింగ్ ఆఫ్ అన్నా ఓకే, కానీ ఇట్, దెమ్ లాంటివి మధ్యలోనే రావాలి, నువ్వేమో 'పుట్ ఆఫ్ ఇట్' అని రాశావ్. తర్వాత ఇంకో క్రియ వస్తే ఐఎన్‌జీ పెట్టు, పుట్ ఆఫ్ గోయింగ్, టు గో కాదు.

ఇక పుట్ కీ ఆఫ్ కీ మధ్య మనిషి వచ్చాడంటే అర్థం మారిపోతుంది, వాడికి దానిమీద విరక్తి పుట్టించడం అని. హాస్పిటల్లో ఫినాయిల్ వాసనకి ముసలాయన ఇడ్లీ ముట్టలేదని నాలుగు లైన్లు లాగావే, 'ద ఫినాయిల్ పుట్ హిమ్ ఆఫ్ హిజ్ ఇడ్లీ' ఒక్కటి చాలు. అలాగని మనిషి వస్తే ప్రతిసారీ విరక్తే అనుకోకు, బాకీ అడగడానికొచ్చినోణ్ణి రేపు రా మాపు రా అని తిప్పుకోవడం కూడా ఇదే, 'హి పుట్ మీ ఆఫ్ విత్ ఎక్స్‌క్యూజెస్'. వెనకాల ఏముందో చూసి తెలుసుకోవాల్సిందే, బట్టీ పడితే రాదు.

ఇంకోటి, 'పుట్ ఆఫ్ ద లైట్'. మనిళ్ళల్లో అందరం అంటాం కాబట్టి నీ గుంటూరు కుర్రాడి నోట్లో అది ఉండనీ, ఎవరో ఎడిటర్ కొట్టేస్తానన్నా ఒప్పుకోకు. కానీ అదే మాట లండన్ ఇంటి ఓనరమ్మ చేత కూడా అనిపించావ్, అది మాత్రం టర్న్ ఆఫ్ చెయ్యి, ఆవిడ మనలా మాట్లాడదుగా. ఆవిడ డైలాగుల్లో ప్రీపోన్ (ముందుకి జరపడం) కూడా ఉంది, అదీ మన ఇంగ్లీషే, తీసెయ్.