వాజీకరణమా, వశీకరణమా?

సందేహం: మాది పర్లాకిమిడి. ఇక్కడి సంతలో చాప పరిచి వేర్లు, గింజలు, లేహ్యం డబ్బాలు అమ్మే ఆయన ఒకే మందును ఒకసారి "వాజీకరణం" అంటాడు, ఇంకోసారి "వశీకరణం" అంటాడు. రెండూ ఒకటేనా? అసలవి పనిచేస్తాయా?

సమాధానం: ఒకటి కావండీ. వశం చేసుకోవడం వశీకరణం. అది ఎదుటి మనిషి మనసు మీద చేసే ప్రయోగం, మంత్రతంత్రాలకు చెందిన మాట. వాజి అంటే గుర్రం. లైంగికంగా గుర్రమంత సత్తువ తెప్పించడం వాజీకరణం. ఇది తన ఒంటికి చేయించుకునే చికిత్స, ఆయుర్వేదం చెప్పిన ఎనిమిది అంగాల్లో ఒకటి. అంతకుముందు అలా లేనిదాన్ని అలా చేయడం అనే అర్థంలో "కరణం" ముందు "ఈ" వస్తుంది. నవీకరణ, ధ్రువీకరణ కూడా ఇలాంటివే. కాబట్టి "వాజికరణం" అని హ్రస్వంగా రాయకూడదు.

మీ ఊళ్లో ఈ తికమక రావడానికి ఒడియా కూడా ఒక కారణం. పర్లాకిమిడి 1936లో ఒడిశాలో కలిసింది. అక్కడ చాలామందికి ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. ఇలాంటి సంస్కృత పదాల్లో వకారాన్ని ఒడియావాళ్లు బకారంగా పలుకుతారు, అకారం ఒకారంలా వినిపిస్తుంది. అలా ఇవి "బాజీకొరొణొ", "బొసీకొరొణొ" అవుతాయి. రెండు భాషలు కలిపి గబగబా మాట్లాడే నోట ఇవి కలగలిసిపోవడంలో వింత లేదు, అది తప్పూ కాదు. కానీ తెలిసే ఒకదాని పేరుతో ఇంకొకటి అమ్మితే అది మోసమే.

ఆ చాప మీద నిగనిగలాడే గింజలుంటే బహుశా అవి దూలగొండివి. ఆ కాయ మీది నూగు తగిలితే ఒళ్లంతా దురద. దూల అంటే దురదే. సంస్కృతంలోనూ దాని పేరు కపికచ్ఛు, అంటే కోతిదురద. "నోటిదూల" అన్నప్పుడు ఆ దూలే ఆపుకోలేని ఆత్రం అవుతుంది. అశ్వగంధ సంగతీ ఇలాంటిదే. మన పెన్నేరు గడ్డకు గుర్రం వాసన ఉంటుందని ఆ పేరు పెట్టారు. వినేవాళ్లకు మాత్రం గుర్రపు బలమే తోస్తుంది. ఈ నమ్మకాలకు సగం బలం పేర్ల నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

ఇక పనిచేస్తాయా అన్నది. చరకసంహితే వాజీకరణాల్లో శ్రేష్ఠమైనది మనసుకు నచ్చిన స్త్రీయే అంది. మందులు, పాలు, నెయ్యి ఆ తర్వాతే. ఎంత చక్కటి మాటో చూడండి! అమెరికాలో మందులను పరిశీలించే ఎఫ్‌డీఏ కూడా 1989లో, డాక్టరు చీటీ లేకుండా అమ్మే ఇలాంటి మందులు పనిచేస్తాయనడానికి తగిన ఆధారం లేదని తేల్చింది.

తిన్నవెంటనే గుణం కనిపించే "మూలికా" డబ్బాను ఇంకా ఎక్కువ అనుమానించాలి. అలాంటివాటిలో చెప్పకుండా కలిపిన సిల్డెనాఫిల్, అంటే వయాగ్రా మాత్రలోని మందు, చాలాసార్లు బయటపడింది. గుండె నొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు అది తింటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్లుంటే, ఆయన ఏ పేరు చెప్పి అమ్మినా సరే, ఆ డబ్బా ముట్టనివ్వకండి.