ఆ ఎరుపూ ఈ ఎరుపూ ఒకటేనా?

చి. అమ్ములుకు, పెద్దమామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు పటాలూ చూశాను. జనవరి, మార్చి, మే, ఆగస్టు నెలల్లో హైదరాబాద్ నేల ఎంత వేడెక్కిందో చూపే బొమ్మలు ముచ్చటగానే ఉన్నాయి. కానీ శంషాబాద్ వైపు మేలో ఎంత ఎర్రగా ఉందో, జనవరిలోనూ అంతే ఎర్రగా ఉంది. సంక్రాంతికీ రోహిణి కార్తెకీ తేడా లేదా తల్లీ? పక్కనున్న రంగుపట్టీల అంకెలు చదివితే గానీ గుట్టు తెలియలేదు. జనవరిలో ఎరుపంటే 34 డిగ్రీలట, మేలో ఎరుపంటే 52.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే చేశాను. సమీక్షా సమావేశంలో ముందు వరుసలోని పెద్దాయన ఒకే ప్రశ్న అడిగారు: "ఆ ఎరుపూ ఈ ఎరుపూ ఒకటేనా?" కాదన్నాను. "మరి పక్కపక్కన ఎందుకు పెట్టావు?" అని కాగితం తిప్పేశారు. నా ఆరు నెలల పని అక్కడితో ముగిసింది.

రంగుల హద్దులు నువ్వు చెప్పకపోతే, నువ్వు పటాలు గీసే పైథాన్ సాధనం మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఏ పటానికి ఆ పటంలోని కనిష్ఠం, గరిష్ఠం తీసుకుని రంగులు పంచుతుంది. కాబట్టి గీయకముందే నాలుగు నెలల అంకెలనూ కలిపి కనిష్ఠ, గరిష్ఠాలు తీయి. మబ్బు కమ్మిన చోట్ల విలువలు ఉండవు కనుక, ఖాళీలను వదిలేసి లెక్కించే నాన్‌మిన్, నాన్‌మ్యాక్స్ వాడు. ఆ రెండు అంకెలనూ, పటం గీసే ప్రతి ఇమ్‌షో ఆదేశానికీ వీమిన్ (కింది హద్దు), వీమ్యాక్స్ (పై హద్దు)గా ఇవ్వు. నేనైతే ఏ అంకెకు ఏ రంగో లెక్కగట్టే నార్మలైజ్ ఒక్కటే తయారుచేసి నాలుగింటికీ అదే అందిస్తాను. కానీ దాని హద్దులు ఖాళీగా వదిలావో, బస్సు కిటికీలోంచి రుమాలు వేసినట్టు మొదట గీసిన పటమే వాటిని పట్టేసుకుంటుంది. అప్పుడు జనవరి హద్దులే మేకీ అంటుకుని, మే పటమంతా ఒకే ఎర్ర ముద్ద.

రంగులను మెట్లు మెట్లుగా నింపే కాంటూర్‌ఎఫ్‌కు మారితే వీమిన్, వీమ్యాక్స్ చాలవు. మెట్లు ఎక్కడెక్కడ పడాలో అది ఒక్కో పటానికి విడిగా నిర్ణయించుకుంటుంది. 20, 22, 24 అంటూ లెవెల్స్ జాబితా రాసి, అదే నాలుగింటికీ ఇవ్వాలి.

నీ ఆగస్టు పటంలో ఒక్క చుక్క 90 డిగ్రీలు చూపిస్తోంది, గమనించావా? అది నేల కాదు, దోషం. అలాంటి ఒక్క చుక్క కోసం కొలబద్ద సాగిపోతే మిగతా ఊరంతా వెలవెలబోతుంది. కనిష్ఠ, గరిష్ఠాలకు బదులు 2వ, 98వ శతాంశాలను (నూటికి రెండు విలువలు కింద, రెండు పైన మిగిలే అంకెలను) హద్దులుగా పెట్టుకుని, రంగుపట్టీ రెండు కొసలనూ ఎక్స్‌టెండ్ అనే అమరికతో మొనదేల్చు. హద్దు దాటిన విలువలున్నాయని చూసేవారికి తెలుస్తుంది.

రంగుపట్టీ ఒక్కటి చాలు. పట్టీ గీసే ఆదేశంలో, ఏ పటాల పక్కన పెట్టాలో చెప్పే ఏఎక్స్ దగ్గర నాలుగు పటాల గడులనూ కలిపి ఇవ్వు. ఒక్క గడినే ఇస్తే చోటంతా దాని నుంచే లాక్కుంటుంది, ఆ పటం ఒక్కటే చిక్కిపోతుంది. బొమ్మ మొదలుపెట్టేటప్పుడే, గడులకూ పట్టీకీ చోటు సర్దే కన్‌స్ట్రెయిన్డ్ లేఅవుట్ పెట్టుకో. అలా సర్దే మరో పద్ధతి టైట్ లేఅవుట్‌కూ ఇలాంటి ఉమ్మడి పట్టీకీ పొసగదు.

ఇక నీలం నుంచి ఎరుపు దాకా సాగే ఆ జెట్ రంగులు! 2017లో వచ్చిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2.0 నుంచి విరిడిస్ అనే రంగుల వరస దానంతటదే వస్తుంటే, పనిగట్టుకుని పాతది వెతికి పెట్టావు. కోఠిలో ఏదో ఒక కొట్లో నలుపు తెలుపు జిరాక్స్ తీయించి చూడు. జెట్‌లో అతి చల్లనిదీ అతి వేడిదీ రెండూ ముదురు బూడిద రంగులోనే వస్తాయి.

అన్నిచోట్లా ఉమ్మడి కొలబద్దే పెట్టమనడం లేదు. జనవరిలో హుస్సేన్ సాగర్‌కూ దాని చుట్టుపక్కలకూ ఉన్న తేడానే చూపాలనుకో, మే వేడితో కలిపితే అది కంటికి ఆనదు. ఆ పటాన్ని వేరే బొమ్మగా, దాని సొంత కొలబద్దతో గీసి, ఆ మాట కింద రాయి.

ఆదివారం భోజనానికి వస్తున్నావు కదా, ల్యాప్‌టాప్ తెచ్చుకో. ఆ 90 డిగ్రీల చుక్క ఎక్కడి నుంచి వచ్చిందో కలిసి వెతుకుదాం. జిరాక్స్ కాగితం కూడా మరవకు, అత్తయ్యకు చూపించి ఏది మే నెలో అడుగుదాం.

మీ పెద్దమామయ్య