స్తోత్రం సంగతి తరువాత, ముందు అత్తగారిని కలవండి

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రోజూ దీపం పెట్టి లలితా సహస్రనామం చదువుతాను కానీ ఏడాదిన్నరగా మనసు నిలవడం లేదు. తిరుమల వెళ్లి వచ్చినా ఏమీ అనిపించలేదు. కార్తిక పౌర్ణమికి ఇదివరకు మా అత్తగారు స్వయంగా చేసే 365 వత్తుల కట్టను ఈసారి దుకాణంలో కొని వెలిగించాను. కన్నీళ్లు వచ్చాయే తప్ప భక్తి కలగలేదు. 19 ఏళ్లు మాతో ఉన్న ఆవిడ, పుట్టింటివారు పెట్టిన తన చంద్రహారాన్ని మా ఆడపడుచుకు ఇచ్చినప్పుడు మాటామాటా పెరిగి, "ఇకమీదట మీ కూతురే చూసుకుంటుందిలెండి" అన్నాను. ఇప్పుడు రాజమహేంద్రవరంలో మా మరిది దగ్గర ఉంటున్నారు. దేవుడు నాకు దూరమయ్యాడనిపిస్తోంది. ఏ స్తోత్రం మండలం రోజులు పారాయణ చేస్తే మంచిది?

జవాబు: అమ్మా, మీకు ఇష్టమైన స్తోత్రం ఏదైనా చదువుకోండి, కొన్నాళ్లు మానేసినా నాకు అభ్యంతరం లేదు. నామాలు పలుకుతుండగా మనసు ఆఫీసుకు పోవడం ఉద్యోగం చేసే ఇల్లాళ్లందరికీ ఉన్నదే, అంతమాత్రానికి దేవుడు అలగడు. మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఆ వత్తుల దగ్గర. మధ్యాహ్నాలు గుమ్మంలో కూర్చుని, పత్తిలో గింజలు ఏరి, వేళ్లకు విభూతి అద్దుకుని ఒక్కొక్క వత్తీ చేసిన మనిషి ఇంట్లో లేకపోతే, ఆ పని దుకాణానికి అప్పగించిన కోడలికి దీపం ముందు ఏడుపు రాక ఏమొస్తుంది? ఆ ఏడుపు భక్తి లేక వచ్చినది కాదు.

చంద్రహారం విషయంలో మీ వైపు న్యాయం లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం, 14వ సెక్షను, స్త్రీ ఆస్తికి ఆమెనే సంపూర్ణ యజమానిగా చేసింది. ఆ చట్టం లేకపోయినా, పుట్టింటి నగ కూతురికి ఇవ్వడం మన ఇళ్లలో కొత్త కాదు. అయితే మీ మనసును కోసింది నగ కాదని నాకు తెలుసు. 19 ఏళ్లు వేళకు మందులిచ్చి, ఆస్పత్రుల చుట్టూ తిప్పి, ఆవిడ మడికీ ఉపవాసాలకూ మీ ఆఫీసు వేళలను సర్దుకున్న తరువాత, లెక్క తేలేవేళ మిమ్మల్ని పరాయిదానిలా పక్కన పెట్టారన్న బాధ అది. ఆ బాధ న్యాయమైనదే, దాన్ని దిగమింగమని నేను చెప్పను. అల్లుడి పంచన ఉండలేని తల్లితో మీరన్న ఆ ఒక్క మాట మాత్రం అనకూడనిది. చూడండి, ఆవిడ కూతురి దగ్గరికి వెళ్లనే లేదు.

భాగవతం నవమ స్కంధంలోని అంబరీషుడి కథ మీరు వినే ఉంటారు. కార్తికంలో ద్వాదశీ వ్రతం ముగిస్తున్న ఆ రాజు మీదికి కృత్య అనే సంహారశక్తిని పంపిన దుర్వాసుడు, విష్ణువు సుదర్శన చక్రం తరుముతుంటే బ్రహ్మ దగ్గరికీ, శివుడి దగ్గరికీ, చివరకు వైకుంఠానికీ పరుగెత్తాడు. విష్ణువు అతణ్ణి క్షమించలేదు, అపరాధం ఎవరికి చేశావో వారినే వెళ్లి వేడుకోమని తిప్పి పంపాడు. ముని తిరిగి వచ్చేదాకా ఏడాదిపాటు రాజు భోజనం చేయకుండా ఎదురుచూశాడు. మీ అత్తగారు అలా ఎదురుచూస్తున్నారని నేను అనను. మీ తోటికోడలి వంటకు వంకలు పెడుతూ హాయిగానే ఉన్నారేమో! అయినా వెళ్లవలసింది మీరే.

ఫోనుతో సరిపెట్టకండి. శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి రాజమహేంద్రవరంలో ఉంటారు. మీవారిని వెంట తీసుకెళ్లవద్దు, ఆయన ఉంటే మీరిద్దరూ ఆయనతోనే మాట్లాడతారు. చీరా పళ్లూ పట్టుకెళ్లండి గానీ వాటితో పని జరుగుతుందనుకోకండి. ఓపిక ఉందంటే ఆవిడను గోదావరి గట్టుకు తీసుకెళ్లి, మరిది కుటుంబం వినని చోట, ఆ మాట అని ఉండకూడదని ఒక్కసారి చెప్పండి. పదేపదే చెప్పి ఆవిడ చేత ఓదార్పించుకోవద్దు. తిరిగి వస్తానంటే తీసుకురండి, రానంటే బతిమాలకుండా రెండు మూడు నెలలకొకసారి మీరే వెళ్లి వస్తుండండి. నగ విషయంలో ఇంకా మనసు మండుతుంటే దాన్ని కూడా దాచవద్దు. "ఇచ్చేముందు నాతో ఒక్క మాట అని ఉండవలసింది అత్తయ్యా" అని ముఖం చూసి అనండి. 19 ఏళ్లు ఆ ఇంటిని మోసిన కోడలికి అంతమాత్రం అనే హక్కు ఉంది.