మేడ మీద మూడు గదులు

"మేడమ్, నా వయసు 57. మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. ఏటా మే నెలలో చుట్టాలందరం మా ఇంట్లో కలుస్తాం. హైదరాబాద్ తమ్ముడు, డల్లాస్ తమ్ముడు, బాబాయిల పిల్లలు, మేనత్తల పిల్లలు కలిసి పోయినేడు 41 మందిమి అయ్యాం. పది రోజులు ఇల్లు తిరునాళ్లలా ఉంటుంది. ఒక్కటే లోటు. భీమవరంలో ఉన్న మా అక్క రెండేళ్లుగా రావడం లేదు. ఈ ఏడాది ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోంచి కూడా వెళ్లిపోయింది. తన కూతురికి రెండో కాన్పులో బాబు పుట్టిన సంగతి పాలకొల్లులో ఎవరో చెబితే మాకు తెలిసింది. అమ్మకి 81 ఏళ్లు, పెద్దదాన్ని తలుచుకుని ఏడుస్తోంది. గొడవలేమీ లేవు. 2021లో నాన్నగారు పోయాక ఆస్తి సంగతులన్నీ సామరస్యంగా తేలిపోయాయి, అక్క కూడా నవ్వుతూనే సంతకం పెట్టింది. ఈసారి అందరం ఇంట్లో కాకుండా అరకు వెళ్దామని, అద్దాల రైలు ఎక్కుదామని తమ్ముళ్లు అంటున్నారు. ఊటీ అయినా సరేనట. బయట ఊరైతే అక్క వస్తుందా? ఎలా ఒప్పించాలి? రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి త్వరగా చెప్పగలరు."

ముందు మీ ప్రశ్న సంగతి తేల్చేస్తాను. అరకు వెళ్లినా, ఊటీ వెళ్లినా, మీ ఇంట్లోనే ఉన్నా మీ అక్కగారు రారు. ఊరు మారిస్తే వచ్చే మనిషి అయితే మీ ఊరికే వచ్చేవారు, అది ఆవిడ పుట్టిన ఊరు. టికెట్ల గురించి ఇంతకు మించి నేను చెప్పేది లేదు.

మీ ఉత్తరం ఆరు పేజీలు ఉంది. పైన వేసింది అందులో పదో వంతు కూడా కాదు. కాలువలకి నీళ్లు కట్టేశాక పిల్లలకి ఈత కొట్టడానికి లేదని, బోరు దగ్గర తొట్టి కట్టించారని రాశారు. తాటి ముంజెలకి ఎవరిని పురమాయిస్తారో, బంగినపల్లి ఎన్ని బుట్టలు, కొత్తపల్లి కొబ్బరి మామిడి ఎన్ని బుట్టలు, అంతర్వేదికి ఎన్ని ఆటోలు, అన్నీ రాశారు. డల్లాస్ పిల్లాడి చదువు పూర్తయిన వార్త, బాబాయిగారి మనవరాలికి సంబంధం కుదిరిన వార్త కూడా ఉన్నాయి. చదువుతుంటే నాకు సంతోషంగానే అనిపించింది, ఈ రోజుల్లో 41 మంది ఒక కప్పు కింద పది రోజులు ఉండడం చిన్న విషయం కాదు. కానీ ఆ ఆరు పేజీల్లో మీ అక్కగారి సంగతులు నాలుగు చోట్ల వచ్చాయి, నాలుగూ ఏదో చెబుతూ ఇంకేదో చెప్పినట్టు వచ్చాయి. వాటిని ఒకచోట పెడతాను, మీరే చదువుకోండి.

ఒకటి. మీకు నాలుగేళ్లప్పుడు అమ్మగారికి జబ్బు చేస్తే అక్క మిమ్మల్ని చంకనెత్తుకుని కాలువ గట్టు మీద నడిచి బడికి వెళ్లేదని, మీరు ఏడిస్తే పంతులుగారు ఆవిడనే ఇంటికి పంపేసేవారని రాశారు. టెన్త్ తర్వాత ఆవిడ చదువు ఆగింది, ముగ్గురు మగపిల్లల చదువూ సాగింది. రెండు. ఐదెకరాల కొబ్బరి తోట నాన్నగారు సొంత కష్టంతో కొన్నదని, వీలునామా రాయకుండా పోయారని, పెద్దకర్మ అయిన మర్నాడే రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లి అమ్మగారి చేత, అక్క చేత హక్కు విడుదల దస్తావేజు మీద సంతకాలు తీసుకున్నారని రాశారు. మూడు. ఆ తర్వాత ఇల్లు బాగుచేయించి కింద గది అమ్మగారికి ఉంచి, మేడ మీద మూడు గదులు ఏసీలతో కట్టించారు. అన్నదమ్ములు ముగ్గురు, గదులు మూడు. నాలుగు. 2023 వేసవిలో మీ అక్కగారు, బావగారు వచ్చి హాల్లో పిల్లల పక్కన పరుపులు వేసుకుని పడుకున్నారు, మూడో రోజు పొద్దున్నే ఏదో పనుందని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

ఇంత రాసి గొడవలేమీ లేవంటున్నారు. పెద్దగా అరిస్తేనే గొడవ అని మనకి అలవాటు. ఆవిడ అరవలేదు. ఇంటి పెద్దకూతురు, తండ్రి పోయి పదమూడు రోజులు కూడా కాని ఇంట్లో తమ్ముళ్ల మాట కాదంటే ఊరంతా ఏమంటుందో ఆవిడకి తెలుసు. నవ్వుతూ పెట్టింది అంటున్నారే, ఏడుస్తూ పెడితే మీరు తీసుకునేవారా? కళ్లు ఎర్రబడి ఉన్న మనిషిని కారులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లినప్పుడు ఆ నవ్వు ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారి గుర్తు చేసుకోండి, మీకు గుర్తుంటుంది.

మీ లాయరుగారి మాట కూడా రాశారు, అక్క పెళ్లి 1984లోనే అయింది కాబట్టి చట్టప్రకారం ఆమెకి ఎలాగూ రాదని. ఈ మాట నేను మన జిల్లాల్లో వినని ఇల్లు లేదు, అందుకే కాస్త ఆగి చెబుతాను. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ ఉమ్మడి కుటుంబ ఆస్తి గురించి. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకి అందులో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయిన వాళ్లని వదిలేసింది, నిజమే. 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణలో ఆ పెళ్లి షరతు లేదు. తండ్రి అప్పటికి బతికి ఉన్నాడా లేదా అన్న పేచీని కూడా 2020లో సుప్రీంకోర్టు తీర్చేసింది. ఇవన్నీ తాతల ఆస్తికి. మీ నాన్నగారిది స్వార్జితం. వీలునామా లేకుండా పోయిన తండ్రి సొంత ఆస్తిలో భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి తలా ఒక సమాన వాటా అని 1956లో వచ్చిన అసలు చట్టంలోనే ఉంది. కూతురికి పెళ్లయిందా కాలేదా అని ఆ చట్టం అడగలేదు. అంటే అమ్మగారు, అక్క, మీరు ముగ్గురు, ఐదుగురు మనుషులు, ఐదెకరాలు. ఆవిడది నిండా ఒక ఎకరం. అది మీ ముగ్గురి దగ్గర ఉంది.

కట్నం ఇచ్చాం కదా అని మీ తమ్ముడు అంటున్నాడట. ఆ డబ్బు ఆవిడ చేతికి వచ్చిందా? 1984లో అత్తవారి ఇంటికి వెళ్లింది, అక్కడే ఖర్చయింది. కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరమని 1961 నుంచి చట్టం ఉంది. చేసిన తప్పుని ఇచ్చిన వాటాగా లెక్క వేయకండి. పసుపు కుంకుమ కింద తోటలో సెంటు భూమి అయినా రాసిచ్చారా అంటే అదీ లేదని మీ ఉత్తరమే చెబుతోంది. పండక్కి చీర పెట్టారు, పిల్లల పెళ్లిళ్లకి మేనమామ లాంఛనాలు చేశారు. మంచిదే, చెయ్యాల్సిందే. చీరకి, వాటాకి లంకె పెట్టొద్దు.

అయినా నాకు ఎకరం కంటే ఆ గది ఎక్కువ బాధ పెట్టింది. డబ్బుకి కరువున్న మనిషి కాదని మీరే రాశారు, బావగారికి చేపల చెరువులు ఉన్నాయన్నారు, ఇద్దరు పిల్లలూ స్థిరపడ్డారు. కోర్టుకి వెళ్లలేదు, వెళ్లదు కూడా. సంతకం పెట్టాక 2022 వేసవిలో వచ్చి పది రోజులూ ఉండి, 40 మందికి ఆవకాయ కలిపి, జాడీలు కట్టి పంపిన మనిషి, గదులు కట్టాక వచ్చి మూడు రోజులకే వెళ్లిపోయింది. భూమి పోయినా పుట్టిల్లు ఉందని సర్దుకుంది. మేడ ఎక్కి చూస్తే ఆ ఇంట్లో తనకి చోటే గీయలేదని తెలిసింది. మా అమ్మ కూడా పెద్దయ్యాక పుట్టింటికి వెళ్తే వీధి అరుగు మీదే కూర్చుని వచ్చేసేది. ఎందుకని అడిగితే లోపల ఉక్కగా ఉందనేది. చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు అర్థం కాలేదు. అందుకే మీ ఉత్తరం మీద ఇంత పట్టుగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మీరు చెడ్డవారని నేను అనుకోవడం లేదు. చెడ్డవారైతే అక్క రాలేదని ఆరు పేజీలు రాయరు. తమ్ముళ్లిద్దరినీ కలిపి ఉంచడానికి ఇన్నేళ్లు మీ శక్తంతా పెట్టారు, ఖర్చు పెట్టారు, మీ ఆవిడ వంటింట్లో నలిగిపోయింది. కానీ కుటుంబం అంటే ముగ్గురు అన్నదమ్ములూ వాళ్ల పిల్లలూ అనే లెక్కలోనే ఉండిపోయారు. 41 మందిని లెక్కపెట్టారు, 42వ మనిషి దగ్గర ఆగారు.

ఇప్పుడు చెయ్యాల్సింది. అమ్మగారి చేత ఫోన్ చేయించకండి, ఆవిడ ఏడుపుని అడ్డం పెట్టి రప్పించడం ఇంకో సంతకం తీసుకోవడం లాంటిదే. మేనత్తల్ని రాయబారం పంపకండి. గ్రూపులో మళ్లీ చేర్చకండి. మీరు ఒక్కరే వెళ్లండి. మామిడిపళ్లు, స్వీట్లు వద్దు, మనవడికి ఏదైనా చిన్న వస్తువు పట్టుకెళ్తే చాలు, పుట్టిన పిల్లాణ్ణి ఖాళీ చేతులతో చూడకూడదు. బావగారి ముందే చెప్పండి, "అక్కా, ఆ రోజు నేను చేసింది తప్పు, నాన్న పోయిన దుఃఖంలో ఉన్న నీ చేత సంతకం తీసుకున్నాను" అని. తమ్ముళ్లు అన్నారు, లాయరు అన్నాడు అని కలపొద్దు. పెద్ద మగపిల్లాడివి నువ్వు, ఆ రోజు కారు నడిపింది కూడా నువ్వే. (చనువు తీసుకుని నువ్వు అనేశాను, క్షమించండి.)

తర్వాత భూమి. ఎకరంలో మీ వంతు 33 సెంట్లు. తమ్ముళ్లు ఒప్పుకునేదాకా ఆగకుండా మీ 33 సెంట్లు ముందు అక్క పేరు మీద దాన సెటిల్‌మెంట్ దస్తావేజు రాయించండి, ఎలాగో మీ దస్తావేజు లేఖరికి తెలుసు. తమ్ముళ్లకి ఆ సంగతి చెప్పండి, పోట్లాడొద్దు, బతిమాలొద్దు, వాళ్ల వంతు వాళ్ల మనస్సాక్షికి వదిలేయండి. అక్క వద్దంటుంది. తప్పకుండా వద్దంటుంది, మన ఇళ్లల్లో పెద్దకూతుళ్లు అలాగే అంటారు. వద్దన్నా రిజిస్ట్రేషన్ రోజు చెప్పి తీసుకెళ్లండి. ఆవిడ నిజంగానే తీసుకోను అంటే, అప్పుడు అది ఆవిడ ఇష్టంతో వదిలిన భూమి అవుతుంది. అప్పటివరకూ ఆ తోట కొబ్బరి దింపులో ఐదో వంతు డబ్బు ప్రతిసారీ ఆవిడకి పంపండి.

గది సంగతి మీ ఆవిడతో మాట్లాడండి. డల్లాస్ తమ్ముడి గది ఏడాదిలో పదకొండున్నర నెలలు తాళం వేసి ఉంటుందని మీరే రాశారు. మీ గదే ఇవ్వండి, అదింకా బాగుంటుంది. మీరిద్దరూ హాల్లో పడుకోండి ఈ వేసవికి.

ఇంత చేసినా ఈ ఏడాది ఆవిడ రాకపోవచ్చు. అన్నం పెడితే తినండి, మాట్లాడకపోతే కాసేపు కూర్చుని లేచి రండి, నెల పోయాక మళ్లీ వెళ్లండి. 2027లో గోదావరి పుష్కరాలకి అందరూ కలిసి నాన్నగారికి పిండం పెట్టాలని ఉందన్నారు, మీకింకా టైమ్ ఉంది. 1984లో మీ అక్కగారు పంటు మీద గోదావరి దాటి అత్తారింటికి వెళ్లారు, ఒడ్డున నిలబడి ఏడ్చానని మీరే రాశారు. ఇప్పుడు చించినాడ దగ్గర వంతెన ఉంది, మీ ఊరి నుంచి భీమవరం రెండు గంటలు కూడా పట్టదు. ఈ ఆదివారమే బయల్దేరండి.